ఉపమా, రూపకమా, ఉత్ప్రేక్షా? 'లాగా' పట్టుకుని వెతికితే దొరకవు

మీరు అడిగినవి మూడు. ఉపమ, రూపకం, ఉత్ప్రేక్షల నిర్వచనాలు నోటికి వచ్చినా పద్యం ఎదురుగా పెట్టుకుంటే మూడూ కలిసిపోతున్నాయి, ఎలా విడదీయాలి? ఒకే పద్యంలో రెండు అలంకారాలు కనిపిస్తే పరీక్షలో ఏది రాయాలి? అలంకారాలు బాగా నేర్చుకుంటే కవిత్వం బాగా రాయగలమా? చాలాకాలంగా ఈ పాఠం చెబుతున్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను. మొదటి ప్రశ్నకే ఎక్కువ చోటు పడుతుంది, అది తేలితే మిగతావి తొందరగా తేలిపోతాయి.

గందరగోళం ఎక్కడ మొదలవుతుందంటే, బడిలో మనకు అలంకారాన్ని కాకుండా దాని గుర్తును నేర్పుతారు. 'వలె, లాగా' కనిపిస్తే ఉపమ, 'ఏమో, కాబోలు' కనిపిస్తే ఉత్ప్రేక్ష, రెండూ లేకుండా సమాసం ఉంటే రూపకం. పదో తరగతి పేపర్లో నాలుగు మార్కులకు ఇది చాలు, అందుకని ఆ పద్ధతిని నేను తిట్టను. కానీ కవి మన సౌకర్యం చూసి మాటలు వాడడు కదా. 'లా' ఉండి కూడా ఉత్ప్రేక్ష అయ్యే వాక్యాలున్నాయి, 'లా' జాడే లేని ఉపమలున్నాయి, చూడటానికి అచ్చం రూపకంలా ఉండి ఉపమగా తేలే సమాసాలున్నాయి. అందుకని ఆ మాటను వెతకడం మానేసి ఒక ప్రశ్న వేసుకోండి: ఈ వాక్యం చెప్పేవాడు రెండు వస్తువుల పోలిక గురించి ఏమని వాదిస్తున్నాడు? రెండూ వేరువేరని ఒప్పుకుంటూనే ఒకటి ఇంకోదానిలా ఉందంటున్నాడా, రెండూ ఒకటే అంటున్నాడా, ఇది అదేనేమో అని ఊహిస్తున్నాడా? గుర్తుపట్టడమంటే ఇంతే.

పారిభాషిక పదాలు నాలుగు గుర్తుంటే చాలు. మనం మాట్లాడుతున్న వస్తువు ఉపమేయం. దేనితో పోలుస్తున్నామో అది ఉపమానం. రెండింటిలోనూ ఉన్న లక్షణం సమానధర్మం. పోలికను తెలిపే 'వలె, లా, పోలె, మాదిరి, కరణి, పగిది' లాంటి మాట ఉపమావాచకం. నాలుగూ బయటికి కనబడితే పూర్ణోపమ, ఏదైనా లోపిస్తే లుప్తోపమ. 'లా' లేని ఉపమ అన్నాను కదా, అది లుప్తోపమలో ఒక రకం.

ఇప్పుడు ఒకే పోలిక తీసుకుని దాన్ని తిప్పి తిప్పి చూద్దాం. పుస్తకాల్లో ముఖం, చంద్రుడు ఉంటాయి, అవి చదివి చదివి మనకు ఏమీ అనిపించకుండా పోయింది. నేను నల్లమబ్బును, ఏనుగును తీసుకుంటాను. మబ్బు ఉపమేయం, ఏనుగు ఉపమానం.

ఆ మబ్బు ఏనుగులా నల్లగా ఉంది. ఇది ఉపమ. మబ్బు మబ్బే, ఏనుగు ఏనుగే, నలుపు మాత్రం రెండింటిదీ. మబ్బుటేనుగు కొండను కుమ్మింది. ఇది రూపకం. తేడా ఉన్న సంగతి తెలిసి కూడా రెండింటికీ అభేదం చెప్పేశాడు. ఆ కదులుతున్నది ఏనుగేమో అనిపిస్తోంది. ఇది ఉత్ప్రేక్ష. కొండ వెనక కదిలేది మబ్బా, ఏనుగా? ఇది సందేహం. మబ్బును చూసి అడవిలో ఆడ ఏనుగు తన జంట వచ్చిందనుకుని ఘీంకరించింది. ఇది భ్రాంతిమంతం. అది మబ్బు కాదు, దారితప్పిన ఏనుగు. ఇది అపహ్నుతి, అంటే ఉన్నదాన్ని కాదని దాచి లేనిదాన్ని నిలబెట్టడం. ఏనుగు తొండంతో నాలుగు మొక్కలు తడుస్తాయి, మబ్బుతో అడవంతా తడుస్తుంది. ఇది వ్యతిరేకం, ఉపమేయానిదే పైచేయి. ఆ ఏనుగు మబ్బులా ఉంది. మామూలుగా ఉపమానంగా ఉండవలసిందాన్ని ఉపమేయం చేశాం, ఇది ప్రతీపం. మబ్బు పట్టగానే ఎప్పుడో చూసిన ఏనుగు గుర్తుకొచ్చింది. ఇది స్మరణం. ఆకాశంలో ఏనుగులు నడుస్తున్నాయి. ఇక్కడ మబ్బు అన్న మాటే లేదు, ఉపమానం ఉపమేయాన్ని మింగేసింది. దీన్ని రూపకాతిశయోక్తి అంటారు.

చూశారా, వస్తువులు రెండే, పోలిక ఒకటే, మారిందల్లా చెప్పేవాడి వాదన. ఇది నేను కనిపెట్టిన కిటుకు కాదు. 16వ శతాబ్దంలో అప్పయ్య దీక్షితులు చిత్రమీమాంస అనే అలంకారగ్రంథంలో ఉపమ ఒక నటి లాంటిదని, అదే రకరకాల వేషాలు కట్టి కావ్యమనే రంగం మీద ఆడి రసికుల మనసు రంజింపజేస్తుందని చెప్పి, ముఖాన్ని, చంద్రుణ్ణి తీసుకుని ఇలాగే ఒకదాని తర్వాత ఒకటిగా అలంకారాలు మార్చి చూపిస్తాడు. భరతుడి నాట్యశాస్త్రంలో ఉన్న అలంకారాలు నాలుగే నాలుగు: ఉపమ, రూపకం, దీపకం, యమకం. అప్పయ్య దీక్షితులు కువలయానందం రాసేనాటికి అవి వంద దాటాయి. ఆ వందా చూసి టెన్షన్ పడేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే, వాటిలో చాలాభాగం ఈ నటి కట్టిన వేషాలే. మీ దగ్గరున్న పుస్తకంలోంచి ఏదైనా ఒక పోలిక తీసుకుని పైన చేసినట్టు ఈ పదిలోనూ తిప్పి రాయండి. నిర్వచనాలు వల్లె వేయడం కంటే ఇది నూరుపాళ్ళు మేలు.

ఉత్ప్రేక్ష, సందేహం, భ్రాంతి కలగాపులగం కాకుండా ఒక్క మాట. భ్రాంతిలో పొరబడినది కావ్యంలోని పాత్ర, నిజంగానే పొరబడింది, కవికి సంగతి తెలుసు. సందేహంలో త్రాసు రెండువైపులా సమానం, ఎటూ తేలదు. ఉత్ప్రేక్షలో త్రాసు ఉపమానం వైపు ఒరుగుతుంది, కానీ పూర్తిగా వాలదు. వాలిపోతే అది ఇక ఊహ కాదు, నిశ్చయం, అప్పుడు రూపకంలోకో అతిశయోక్తిలోకో వెళ్ళిపోతుంది.

ఇక అసలు చిక్కు, ఉపమకూ ఉత్ప్రేక్షకూ మధ్యది. 'చీకటి ఒళ్ళంతా పూస్తున్నట్టుంది, ఆకాశం కాటుక కురుస్తున్నట్టుంది.' దీన్ని ఏమంటారు? 'అట్టు' ఉంది కాబట్టి ఉపమ అని పదిమందిలో తొమ్మిదిమంది రాస్తారు. ఇది మృచ్ఛకటికం నాటకంలో ఉన్న ప్రసిద్ధమైన సంస్కృత శ్లోకానికి నా తెలుగు మాట. సంస్కృతంలో 'ఇవ' అనే మాట ఉంది, అది సాధారణంగా ఉపమకు గుర్తు. ప్రాచీన ఆలంకారికుడు దండి కావ్యాదర్శంలో ఈ శ్లోకాన్నే పట్టుకుని ఇది ఉపమ కాదని వాదించాడు. ఆయన వాదన ఇది: ఇక్కడ 'ఇవ' తగులుకున్నది క్రియకు. ఉపమానం కావాలంటే ఒక వస్తువు ఉండాలి. 'పూస్తోంది' అనేది పని, వస్తువు కాదు. చీకటిని దేనితో పోల్చాడో చెప్పండి చూద్దాం? దేనితోనూ పోల్చలేదు. చీకటి చేయని పనిని చేస్తున్నట్టు ఊహించాడు. కాబట్టి ఉత్ప్రేక్ష.

తెలుగులో కూడా ఇదే పరీక్ష పనిచేస్తుంది. 'లా, అట్టు' నామవాచకానికి తగిలిందా, క్రియకు తగిలిందా చూడండి. 'నీళ్ళు అద్దంలా ఉన్నాయి' అంటే లోకంలో అద్దం ఉంది, దానితో పోల్చాడు, ఉపమ. 'నీళ్ళు ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు కదలకుండా ఉన్నాయి' అంటే నీళ్ళు గుర్తుచేసుకోవు, అది కవి ఊహ, ఉత్ప్రేక్ష. నామవాచకమే అయినా ఆ వస్తువు లోకంలో లేనిదైతే, అంటే కవి అప్పటికప్పుడు కల్పించినదైతే, అప్పుడు కూడా ఉత్ప్రేక్ష వైపే మొగ్గుతారు. ఈ రెండో సూత్రం దగ్గర పెద్దపెద్దవాళ్ళకే అభిప్రాయభేదాలున్నాయి, కాబట్టి మొదటిదాన్ని గట్టిగా పట్టుకోండి, రెండోదాన్ని కాస్త వదులుగా పట్టుకోండి.

ఉత్ప్రేక్షలోనే విద్యార్థులను తికమక పెట్టేది ఇంకోటుంది. 'ఆమెను చూసి సిగ్గుపడి చంద్రుడు మబ్బుచాటుకు వెళ్ళాడేమో.' ఇందులో ఉపమేయం ఏది, ఉపమానం ఏది అని వెతుకుతూ కూర్చుంటారు. ఇక్కడ ఊహించింది వస్తువును కాదు, కారణాన్ని. చంద్రుడు మబ్బుచాటుకు వెళ్ళడం నిజం, సిగ్గు వల్ల అన్నది కల్పన. ఇది హేతూత్ప్రేక్ష. 'నక్షత్రాలు కోయడానికే ఆ చెట్లు అంత ఎత్తు పెరిగాయి కాబోలు' అంటే ప్రయోజనాన్ని ఊహించాడు, ఫలోత్ప్రేక్ష. వస్తువును ఊహిస్తే వస్తూత్ప్రేక్ష (దీన్నే స్వరూపోత్ప్రేక్ష అని కూడా అంటారు). మన ప్రబంధకవులకు హేతూత్ప్రేక్ష అంటే మహా ఇష్టం. సూర్యుడు అస్తమించినా, పువ్వు రాలినా, గాలి మెల్లగా వీచినా దానికో కారణం కల్పించకుండా వదలరు. అప్పుడప్పుడు కొంచెం ఎక్కువైందనిపిస్తుంది కూడా, కానీ కుదిరిన చోట దాని అందమే వేరు.

రూపకం సంగతికి వద్దాం. పాదపద్మాలు, ముఖచంద్రుడు, విద్యాధనం, సంసారసాగరం. సమాసం చూడగానే రూపకం అని రాసేయకండి. 'పాదపద్మాలు' అన్నదాన్ని రెండు రకాలుగా విప్పవచ్చు. పద్మాల వంటి పాదాలు అంటే ఉపమ. పాదాలనెడి పద్మాలు అంటే రూపకం. ఏది సరైనదో సమాసం చెప్పదు, పక్కనున్న క్రియ చెబుతుంది. 'స్వామి పాదపద్మాలకు మొక్కాను' అంటే మొక్కేది పాదాలకు, పద్మాలకు కాదు, కాబట్టి పాదాలదే ప్రాధాన్యం, ఉపమ. 'స్వామి పాదపద్మాల చుట్టూ తుమ్మెదలు మూగాయి' అంటే తుమ్మెదలు మూగేది పద్మాల చుట్టూ, కాబట్టి రూపకం. 'సంసారసాగరాన్ని ఈదలేకపోతున్నాను' అన్నప్పుడు ఈదేది సాగరాన్ని, రూపకం. 'విద్యాధనాన్ని దొంగలు దోచలేరు' మరీ తమాషా. దోచడం అనే మాట ధనానికి పొసుగుతుంది కాబట్టి రూపకం, కానీ మామూలు ధనాన్ని దోచగలరు, దీన్ని దోచలేరు, అంటే ఉపమేయం ఉపమానం కంటే మేలని చెప్పడం, వ్యతిరేకం ఛాయ. ఒక చిన్న వాక్యంలో రెండు.

ఈ క్రియాపరీక్ష ఎక్కడ పనిచేయదంటే, క్రియ రెండింటికీ సరిపోయినప్పుడు. 'ముఖచంద్రుణ్ణి చూశాను.' ముఖాన్నైనా చూడవచ్చు, చంద్రుణ్ణైనా చూడవచ్చు. తేల్చడానికి ఆధారం లేదు. అలా తేలని స్థితికి కూడా శాస్త్రంలో పేరుంది, చివర్లో చెబుతాను.

అతిశయోక్తి గురించి పెద్దగా చెప్పను, 'ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పడం' అని బడిలో చెప్పింది మొదటి మెట్టు వరకు సరే. కాకపోతే పైన ఏనుగుల దగ్గర చూసినట్టు, ఉపమేయాన్ని పూర్తిగా మింగేయడం కూడా అతిశయోక్తే, అందులో ఎక్కువ చేసి చెప్పడం ఏమీ లేకపోయినా సరే. ఇంటర్ దాటినవాళ్ళు ఈ రెండో రకాన్ని తప్పకుండా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఆధునిక కవితలో మనం ప్రతీక అని పిలిచేదానికి ఇది దగ్గరి చుట్టం. కవి దీపం అంటాడు, పంజరం అంటాడు, దేన్ని గురించో చెప్పడు. తేడా ఏమిటంటే రూపకాతిశయోక్తిలో మింగబడిన ఉపమేయం ఒకటే, దాన్ని పాఠకుడు ఖచ్చితంగా తిరిగి తెచ్చుకోగలగాలి. ప్రతీకలో అలా ఒక్కదానితో తూకం సరిపోదు, దీపాన్ని దీపంగా చదివినా కవిత నిలబడుతుంది.

దృష్టాంతానికీ అర్థాంతరన్యాసానికీ తేడా అడిగేవాళ్ళు కూడా చాలామంది, మీరు అడగలేదు గానీ పనిలో పని. అర్థాంతరన్యాసంలో ఒక విశేషం, ఒక సామాన్యం ఉంటాయి, ఒకటి ఇంకోదాన్ని సమర్థిస్తుంది. 'హనుమంతుడు సముద్రాన్ని దాటాడు, మహాత్ములకు సాధ్యం కానిది ఏముంది?' మొదటిది ఒకరి సంగతి, రెండోది అందరికీ వర్తించే సూత్రం. దృష్టాంతంలో రెండు వాక్యాలూ ఒకే మెట్టు మీద ఉంటాయి, బింబప్రతిబింబాల్లా ఎదురెదురుగా నిలబడతాయి, మధ్యలో 'లాగా' ఉండదు. 'ఈ పదవికి నువ్వే తగినవాడివి, రాత్రికి చంద్రుడే తగినవాడు.' ఒకటి సూత్రమై రెండోది ఉదాహరణ అయిందా, లేక రెండూ పక్కపక్కన నిలబడ్డాయా, అంతే చూడాల్సింది. శతకపద్యాల్లో ఈ రెండూ కుప్పలుతెప్పలు, అభ్యాసానికి వాటికి మించినవి లేవు.

శబ్దాలంకారాలకు వద్దాం. వీటిలో గందరగోళం తక్కువ, ఎందుకంటే ఇవి చెవికి వినబడతాయి. ఒక్క యమకం, శ్లేష, లాటానుప్రాస మాత్రం చూసుకోవాలి. 'వాడి మాట వాడి, అది తగిలి నా మనసు వాడి రాలిపోయింది.' మొదటి వాడి అతని, రెండోది పదునైనది, మూడోది ఎండిపోయి. అక్షరాలవే, అర్థాలు వేరు, యమకం. 'ఈ కత్తి వాడిది.' ఇక్కడ ఆ మాట ఒక్కసారే వచ్చింది, కానీ కత్తి అతనిదని ఒక అర్థం, పదునైనదని ఒక అర్థం, ఇది శ్లేష. 'ఆకలైనప్పుడు పెట్టిన అన్నమే అన్నం.' మాటా అదే, అర్థమూ అదే, కానీ రెండో అన్నంలో 'నిజమైన, సార్థకమైన' అనే తాత్పర్యం చేరింది, ఇది లాటానుప్రాస. శ్లేషను మన కవులు ఎంత దూరం తీసుకెళ్ళారంటే, పింగళి సూరన రాఘవపాండవీయంలో అవే పద్యాలు ఒకలా విరిచి చదివితే రామాయణం, ఇంకోలా విరిచి చదివితే భారతం. అలాంటివి చదవడం కవిత్వానుభవం కోసమా, గారడీ కోసమా అని వాదించుకోవచ్చు. నాకైతే రెండూ అనిపిస్తుంది, పాళ్ళు మాత్రం పద్యాన్ని బట్టి మారతాయి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు: ప్రాసను, యతిని అలంకారాలుగా రాయడం. అవి ఛందస్సు నియమాలు. ప్రాస అంటే పద్యపాదాల్లో రెండో అక్షరం ఒకే హల్లు కావడం. ఉత్పలమాల, చంపకమాల, కందం లాంటివాటిలో అది తప్పనిసరి. ఆటవెలదికీ తేటగీతికీ అక్కర్లేదు. అనుప్రాస (ఒకే హల్లు మళ్ళీ మళ్ళీ రావడం) అలా కాదు, కవి కావాలని చేసింది, లేకపోయినా పద్యం పద్యమే. పోతన భాగవతంలో నరకాసురుడితో యుద్ధానికి లేచిన సత్యభామతో కృష్ణుడు 'లేమా! దనుజుల గెలువఁగ లేమా' అంటాడు. ఆ కందంలో నాలుగు పాదాలూ 'లేమా' అనే మొదలవుతాయి, ఒకసారి ఓ స్త్రీ అని, ఒకసారి గెలవలేమా అని, మిగతా రెండుసార్లు 'లే, మాను' అనీ 'లే, మా విల్లు' అనీ విరుగుతుంది. రెండో అక్షరం ఎటూ 'మా' కాబట్టి ప్రాస నియమం దానంతట అదే తీరిపోయింది. నియమం కట్టిన పగ్గాన్నే అలంకారం చేసుకోవడమంటే ఇది. మీరు పరీక్షలో ఆ పద్యం వస్తే యమకం అని రాయండి, ప్రాసను అలంకారంగా రాయకండి.

సరే, మూడో ప్రశ్న. అలంకారాలు నేర్చుకుంటే కవిత్వం బాగా రాయగలమా? రాయలేరు. కానీ రాసినదాన్ని దిద్దుకోగలరు, అది చిన్న విషయం కాదు.

మనం రోజూ మాట్లాడే మాటల్లోనే అలంకారాలు నిండి ఉన్నాయి. ధరలు మండుతున్నాయి, మాట జారింది, మనసు విరిగింది, కోపం చల్లారింది, ఊరంతా కదిలింది. ఇవన్నీ లక్షణావృత్తితో, అంటే మాట అసలు అర్థం పొసగక దానికి సంబంధించిన ఇంకో అర్థంతో, అర్థమిచ్చేవే, ధరలు నిజంగా మండవు. వాడి వాడి అరిగిపోయి వాటిని మనం మామూలు మాటలుగానే వింటున్నాం. శాస్త్రంలో దీన్ని రూఢిలక్షణ అంటారు. అందువల్ల ఏమవుతుందంటే, కొత్తగా రాసేవాళ్ళు 'మనసు విరిగింది' అని రాసి తామొక అలంకారం వాడామనుకుంటారు, చదివేవాడికి మాత్రం ఏమీ తగలదు. మీ కవితలో ఒక పోలిక ఉంటే, అది మీకంటే ముందే భాషలో సిద్ధంగా ఉందా అని ఒక్కసారి చూసుకోండి. ఉంటే దాన్ని తీసేయండి, లేదా దాన్ని మళ్ళీ నిజం చేయండి. మనసు విరిగిందని ఊరుకోకుండా ఏ చప్పుడుతో విరిగింది, ముక్కలు ఎవరి కాలికి గుచ్చుకున్నాయి అని అడిగితే ఆ పాత మాటకే మళ్ళీ పదును వస్తుంది.

రెండోది రూపకాలు కలిసిపోవడం. ఈ మధ్య చదివే వచనకవితల్లో నాకు ఎక్కువగా కనబడే లోపం ఇదే. జ్ఞాపకాన్ని నది అంటారు, తర్వాతి పంక్తిలో ఆ నది కొమ్మలు వేస్తుంది, ఆ పై పంక్తిలో బూడిదవుతుంది. చదివేవాడికి ఏ బొమ్మా నిలవదు. మన పాతవాళ్ళు సావయవరూపకం అని ఒకటి చెప్పారు, అంటే ఒక వస్తువును ఇంకొకటిగా చెప్పాక దాని అవయవాలన్నిటినీ కూడా అదే వరుసలో చెప్పుకుంటూ పోవడం. సంసారం సాగరమైతే కోరికలు అలలు, రోగాలు మొసళ్ళు, గురువు నావికుడు. అంత పూసగుచ్చినట్టు ఈ రోజుల్లో రాయక్కర్లేదు, నిజానికి రాస్తే విసుగు కూడా. కానీ నది అన్నాక కనీసం నాలుగు పంక్తులైనా ఆ నీళ్ళలోనే ఉండండి.

మూడోది, నేను దీన్ని అన్నిటికంటే ముఖ్యమనుకుంటాను, అలంకారం లేకపోవడం కూడా ఒక ఎంపిక. అలంకారశాస్త్రంలోనే స్వభావోక్తి అని ఒకటుంది, ఉన్నదాన్ని ఉన్నట్టు కళ్ళకు కట్టేలా చెప్పడం. 'లేగదూడ తల్లి పొదుగును తలతో ఒకసారి కుమ్మి, ఆగి, చెవులు రిక్కించి, తోక ఎత్తి మళ్ళీ కుమ్మింది.' ఇందులో పోలిక లేదు, ఊహ లేదు, కానీ చూసినవాడు తప్ప రాయలేడు. ఇది అలంకారమా కాదా అని పెద్ద గొడవే జరిగింది. దండి దీన్ని అర్థాలంకారాల్లో మొట్టమొదట పెట్టాడు. కుంతకుడు అనే ఇంకో ఆలంకారికుడు అసలు ఒప్పుకోలేదు, వస్తువు స్వభావమే అలంకారమైతే ఇక అలంకరించబడేది ఏమిటని ఆయన ప్రశ్న.

ఇదే గొడవలో ఒక చిన్న వాక్యం నాకు మహా ఇష్టం. 'సూర్యుడు అస్తమించాడు, చంద్రుడు ప్రకాశిస్తున్నాడు, పక్షులు గూళ్ళకు వెళ్తున్నాయి.' భామహుడనే ప్రాచీన ఆలంకారికుడు ఈ వాక్యాన్ని ఎత్తిచూపి, ఇదేం కవిత్వం, దీన్ని వార్త అంటారు అని కొట్టిపారేశాడు. దండి అదే వాక్యాన్ని తీసుకుని, వేళ ఎంతయిందో తెలియజేయడానికైతే ఇది కూడా బాగానే ఉందన్నాడు. 11వ శతాబ్దంలో మమ్మటుడు కావ్యప్రకాశంలో 'సూర్యుడు అస్తమించాడు' అన్న ఆ మొదటి ముక్కనే ధ్వనికి (మాటల్లో చెప్పకుండా స్ఫురించే అర్థానికి) ఉదాహరణగా నిలబెట్టాడు. మాట అదే, కానీ చెప్పేవాళ్ళను, వినేవాళ్ళను బట్టి శత్రువు మీద పడే సమయమైందని, ప్రియుణ్ణి కలుసుకోవడానికి బయలుదేరమని, పని ఆపేద్దామని, సంధ్యావందనం మొదలుపెట్టమని, ఆవులను ఇంటికి తోలుకురమ్మని రకరకాల అర్థాలు పలుకుతుంది. ఒక్క అలంకారం లేని వాక్యం. ఎవరి నోట పెడుతున్నామో, ఏ సందర్భంలో పెడుతున్నామో దాన్ని బట్టి అది వార్త కావచ్చు, కవిత్వం కావచ్చు.

కాబట్టి మీ కవిత పేలవంగా అనిపిస్తే వెంటనే ఒక ఉపమ తగిలించడానికి చూడకండి. ఈ మాట ఎవరు ఎవరితో అంటున్నారు, ఇప్పుడే ఎందుకు అంటున్నారు అని చూడండి. చాలాసార్లు లోపం అక్కడే ఉంటుంది. ఉపమ తగిలిస్తే ఆ లోపం కనబడకుండా పోతుందేమో గానీ తీరదు.

నదులు మాట్లాడటం, చెట్లు ఏడవడం గురించి కూడా ఒక ముక్క, ఎందుకంటే కొత్తవాళ్ళందరూ అక్కడే మొదలుపెడతారు. జడవస్తువుకు మనిషి పనులు అంటగట్టడానికి మన శాస్త్రంలో దగ్గరగా ఉండేది సమాసోక్తి. చెప్పేది తీగ గురించి, కానీ వాడిన విశేషణాలు, క్రియలు ఒక స్త్రీకి కూడా సరిపోయేలా ఉంటాయి, ఆమె పేరు ఎక్కడా రాదు. దాని కిటుకంతా ఆ సరిపోవడంలో ఉంది. తీగ నిజంగా చేసే పని (అల్లుకోవడం, వంగడం, వణకడం) మనిషి చేసే పని కూడా అయితేనే రెండు అర్థాలూ ఒకేసారి వెలుగుతాయి. తీగ వెక్కి వెక్కి ఏడ్చిందంటే అందులో తీగ లేదు, మీరే ఉన్నారు.

మధ్యలో వదిలేసిన ప్రశ్న ఉంది, ఒక పద్యంలో రెండు అలంకారాలుంటే ఏది రాయాలని. దీనికి పాతవాళ్ళు రెండు పేర్లు పెట్టారు. నువ్వులూ బియ్యమూ కలిసినట్టు, కలిసినా దేనికది విడిగా కనబడితే సంసృష్టి. పాలూ నీళ్ళూ కలిసినట్టు విడదీయరాకుండా ఉంటే సంకరం. పైన ముఖచంద్రుణ్ణి చూసిన వాక్యం ఉంది చూడండి, ఉపమా రూపకమా తేలనిది, అది సంకరంలో ఒక రకం, సందేహసంకరం. అంటే తేలకపోవడం మీ తెలివితక్కువతనం కాదు, శాస్త్రమే దానికో గది కట్టి పెట్టింది. శబ్దాలంకారం ఒకటి, అర్థాలంకారం ఒకటి ఉంటే చాలామటుకు సంసృష్టే అవుతుంది, అప్పుడు రెండూ రాయవచ్చు. ఒక్కటే రాయమని ప్రశ్న అడిగితే, దేన్ని తీసేస్తే పద్యం కూలిపోతుందో దాన్ని రాయండి. జవాబులో పేరు ఒక్కటే రాసి వదిలేయకండి, ముందు లక్షణం ఒక వాక్యంలో రాసి, తర్వాత సమన్వయం చేయండి: ఇందులో ఉపమేయం ఫలానా, ఉపమానం ఫలానా, క్రియ దేనికి పొసుగుతోంది, కాబట్టి ఇది ఫలానా అలంకారం. మీరు పెట్టిన పేరు దిద్దేవాళ్ళు అనుకున్నది కాకపోయినా సమన్వయం గట్టిగా ఉంటే మార్కులు పూర్తిగా పోవు. మీరు తేల్చుకోలేకపోతున్న పద్యాలు ఏవైనా ఉంటే ఇక్కడే పెట్టండి, క్రియాపరీక్ష చేసి మీకు ఏమనిపించిందో కూడా కలిపి రాయండి, అప్పుడు చూద్దాం.